కొండపల్లి బొమ్మ, పార్సిలు ప్రయాణం: రంగు కొయ్యబొమ్మల రవాణా చరిత్రలో నష్టభారం

వ్యాస సంగ్రహం: కొండపల్లి బొమ్మలపై వచ్చిన రచనలు ఎక్కువగా వాటి పుట్టుక, కొయ్య, రంగులు, వృత్తికారుల జీవనం చుట్టూ సాగాయి. తయారైన బొమ్మ కొన్నవారి ఇంటికి చెక్కుచెదరకుండా ఎలా చేరుతుందన్న ప్రశ్నకు వాటిలో దక్కిన చోటు తక్కువ. బొమ్మ నిర్మాణాన్ని, తపాలా, రైల్వే, కొరియర్ వ్యవస్థల నియమాలను పక్కపక్కన పెట్టి చదివితే, దారిలో విరిగిన బొమ్మ ఖరీదు చివరకు ఎవరి మీద పడిందో తెలుస్తుంది. ఆ భారం ప్రతి దశలోనూ తయారీదారు వైపే మొగ్గిందని, ప్యాకింగును వృత్తిశ్రమలో భాగంగా లెక్కించకపోవడమే దానికి ముఖ్య కారణమని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

కీలక పదాలు: కొండపల్లి బొమ్మలు, తెల్ల పొణికి, బంగీ, వి.పి.పి., ప్యాకింగ్, బొమ్మల కొలువు, ఎన్టీఆర్ జిల్లా.

1. ఉపోద్ఘాతం

ఎన్టీఆర్ జిల్లా తిరువూరు ప్రాంతంలోని రెడ్డిగూడెం మామిడితోటల సీమ. వేసవి వచ్చిందంటే ఈ మండలంలోనూ, పొరుగున ఉన్న విస్సన్నపేట, నూజివీడు ప్రాంతాల్లోనూ కాయ కోత ఎంత పనో, కాయను పెట్టెలో సర్దడం అంత పని. ఏ కాయ కింద ఉండాలి, గడ్డి ఎంత మందాన పరవాలి, తొడిమ ఎటు తిప్పాలి అన్నవి ఇక్కడి కూలీలకు చేతికి తెలిసిన విద్యలు. ఆ పనికి వేరే కూలి ఉంది, లెక్కలో వేరే పద్దు ఉంది. రెడ్డిగూడెం నుంచి మైలవరం, జి.కొండూరు మీదుగా దక్షిణంగా వెళితే కొండపల్లి వస్తుంది. అక్కడ కూడా సున్నితమైన వస్తువునే పెట్టెల్లో సర్ది దూరప్రాంతాలకు పంపుతారు. కాని బొమ్మ ధర చెప్పేటప్పుడు కొయ్య, రంగు, చెక్కుడు కూలి లెక్కకు వచ్చినట్లుగా సర్దిన చేతుల కూలి లెక్కకు రాదు. ఒకే జిల్లాలోని రెండు సరుకుల మధ్య ఉన్న ఈ తేడా నుంచే ప్రస్తుత పరిశీలన మొదలవుతుంది.

కొండపల్లి బొమ్మల వృత్తివారు తమను ఆర్యక్షత్రియులుగా చెప్పుకుంటారు. తమ పూర్వికులు రాజస్థాన్ నుంచి వలస వచ్చారన్నది వారి సంప్రదాయం. భౌగోళిక సూచికల చట్టం కింద ఈ బొమ్మలకు నమోదు లభించింది. ఈ విషయాలు విస్తృతంగా చర్చకు వచ్చినవే కనుక ఇక్కడ వాటి జోలికి పోవడం లేదు.

2. బొమ్మ ఎక్కడ విరుగుతుంది?

రవాణా గురించి మాట్లాడాలంటే ముందు బొమ్మను లోపలి నుంచి చూడాలి. దీనికి వాడే తెల్ల పొణికి చాలా తేలికైన, మెత్తని కొయ్య. పచ్చి కొయ్యను నెమ్మదిగా వేడి తగిలేట్టు ఆరబెట్టి తేమ పోగొడతారు. మొండెం ఒక ముక్కలో చెక్కి, చేతులు, కాళ్లు, తొండం, గొడుగు, ఆయుధం వంటివి విడిగా చెక్కి అతుకుతారు. చింతగింజల పొడితో చేసిన జిగురులో రంపపు పొట్టు కలిపి తయారుచేసే మక్కు ఈ అతుకులను పట్టి ఉంచుతుంది. అతుకుల దగ్గర రూపాన్ని నునుపు చేసేది కూడా అదే. దానిమీద సుద్దపూత, సుద్ద ఆరాక రంగులు. అంటే చూడటానికి ఒకే వస్తువుగా ఉన్నది నిజానికి నాలుగు స్వభావాలున్న పొరల కూర్పు.

ఈ నాలుగూ ప్రయాణాన్ని ఒకే రకంగా తట్టుకోవు. కొయ్య తేమను పీల్చి ఉబ్బుతుంది, ఎండకు కుంచించుకుపోతుంది. సుద్దపూత పెళుసు, కొయ్య కదలికను అనుసరించలేక పెచ్చులుగా లేస్తుంది. చింతగింజల జిగురు చెమ్మ తగిలితే మెత్తబడుతుంది, పురుగును ఆకర్షిస్తుంది. ఎనామెల్ రంగు పైకి ఆరినట్లు కనిపించినా లోపల గట్టిపడటానికి రోజులు పడుతుంది. ఆలోగా వేడి వాహనంలో ఒత్తిడికి గురైతే చుట్టిన కాగితాన్ని పట్టుకుంటుంది.

తేలికైన కొయ్య ఇక్కడ ఒక మేలు, ఒక కీడు చేస్తుంది. బరువు తక్కువ కనుక పెట్టె కింద పడినప్పుడు బొమ్మ మొండేనికి తగిలే దెబ్బ చిన్నది. అదే ఎత్తు నుంచి పడిన మట్టిబొమ్మ పగిలిపోయే చోట కొండపల్లి బొమ్మ మొండెం నిలుస్తుంది. పోయేది అతుకు. చాచిన చేయి, ఎత్తిన తొండం, తాడిచెట్టు మట్ట, అంబారీ మీది గొడుగు, వీటన్నిటికీ ఆధారం గింజంత జిగురు. కొసమీద పడిన కొద్దిపాటి ఒత్తిడి మొదట్లో ఎన్నోరెట్లు పెరుగుతుంది. గీత కార్మికుడు ఎక్కుతున్న తాడిచెట్టు బొమ్మను పెట్టెలో నిటారుగా నిలబెట్టి పంపితే, దారిపొడవునా కుదుపులన్నీ చెట్టు మొదట్లోని ఒక్క అతుకు మీదే పనిచేస్తాయి. దశావతారాల సెట్టులో కూర్మం క్షేమంగా చేరి పరశురాముని గొడ్డలి ఊడిపోవడం ఇందుకే.

3. కావడి నుంచి రైలు దాకా

కుంపినీ కాలపు తపాలాలో ఉత్తరాలకు ఒక ఏర్పాటు, మూటలకు వేరొక ఏర్పాటు ఉండేవి. మూటల తపాలాను ఇంగ్లీషు దస్తావేజుల్లో ‘బంగీ’ అన్నారు. ఆ మాట హిందుస్తానీలో కావడిని సూచించే పదం నుంచి వచ్చింది. భుజం మీది బద్దకు రెండు వైపులా వేలాడే పెట్టెలతో మనిషి నడిచే రవాణా అది. ఒక్క విషయం గమనార్హం. వేలాడే పెట్టె ఊగుతుంది కాని అదరదు. ఇరుసుకు బిగిసిన ఎద్దుబండి గతుకుల రోడ్డు మీద ఇచ్చే కుదుపు కావడిలో లేదు. బండిలో బొమ్మ పోవాలంటే కింద గడ్డి మందంగా పరవాలి. కావడిలో ఆ పని బద్ద చేస్తుంది. సున్నితమైన వస్తువులకు అత్యంత అనుకూలమైన రవాణా సాధనం అత్యంత పాతదే కావడం రవాణా చరిత్రలో తరచుగా మరుగున పడే సంగతి.

1854 నాటి తపాలా చట్టం ఉత్తరాలకు దూరంతో నిమిత్తం లేని, బరువును బట్టి ఉండే రుసుమును స్థిరపరచింది. నైజాం రైలుమార్గం 1889లో బెజవాడ చేరింది. కొండపల్లి ఆ మార్గం మీదనే ఉండటంతో బొమ్మల ఊరికి రైల్వే స్టేషను వచ్చింది. పదేళ్ల తర్వాత మద్రాసు-బెజవాడ మార్గం పూర్తయ్యేసరికి హైదరాబాదు, మద్రాసు రెండూ రైలు ప్రయాణపు దూరంలోకి వచ్చాయి. 19వ శతాబ్ది చివరి నాటి జిల్లా రచనల్లో, గెజెటీర్లలో తేలిక కొయ్యతో చేసే కొండపల్లి బొమ్మలు ఈ ఊరి ప్రత్యేక పరిశ్రమగా కనిపించడం ఈ కాలానికే చెందుతుంది.

రైలు తెచ్చిన వేగంతోపాటు ఒక కాగితం కూడా వచ్చింది. 1890 రైల్వే చట్టం కింద సరుకు పంపేవారికి రెండు రకాల రుసుములు ఉండేవి: నష్టానికి రైల్వే బాధ్యత వహించే ఎక్కువ రేటు ఒకటి, యజమాని తన పూచీ మీద పంపే తక్కువ రేటు మరొకటి. తక్కువ రేటు కావాలంటే రిస్క్ నోటు మీద సంతకం చేయాలి. అణాల్లో అమ్మే బొమ్మల మూటకు ఎక్కువ రేటు కట్టడం లాభసాటి కాదు. ‘ఓనర్స్ రిస్క్’ అన్న మాట తెలుగునాట చిన్న వ్యాపారుల నోట నానడానికి ఈ లెక్కే కారణమని చెప్పవచ్చు. విరిగితే పంపినవాడిదే నష్టం అన్న సూత్రం అలా లిఖితరూపం పొందింది.

4. వి.పి.పి.: నష్టం చేతులు మారిన తీరు

భారత తపాలాశాఖ 1877లో వి.పి.పి. పద్ధతిని ప్రవేశపెట్టింది. 1880లో మనియార్డరు సేవ తపాలా కార్యాలయాల చేతికి వచ్చింది. ఈ రెండిటి కలయికతో ఊరు దాటకుండానే దూరపు కొనుగోలుదారుకు సరుకు అమ్మే వీలు కలిగింది. పాత తెలుగు పత్రికల ప్రకటనల పుటలు తిరగేసినవారికి వి.పి.పి. ఎంతటి వాడుక మాటో చెప్పనక్కరలేదు. పుస్తకాలు, మందులు, గడియారాలు అన్నీ ఆ దారినే వెళ్లాయి.

పుస్తకానికీ బొమ్మకూ మాత్రం ఈ పద్ధతి ఒకే ఫలితాన్ని ఇవ్వదు. వి.పి.పి.లో కొనేవారు పార్సిలు అందుకునేటప్పుడు డబ్బు కడతారు. కట్టకుండా తిప్పికొట్టే అవకాశం వారికి ఉంటుంది. తిరిగివచ్చిన పుస్తకం మళ్లీ అమ్ముడుపోతుంది. తిరిగివచ్చిన బొమ్మ రెండు ప్రయాణాలు చేసి వస్తుంది. చేయి ఊడకపోయినా ముక్కు మీద, వేళ్ల కొసల మీద రంగు రాసుకుపోయి ఉంటుంది. దాన్ని మళ్లీ సుద్ద పూసి, రంగు వేసి కొత్తదిగా చేయాలి. ఆ పనికి డబ్బు ఇచ్చేవారు లేరు. అమ్మేవాడికి మార్కెట్టును విశాలం చేసిన పద్ధతే బొమ్మల విషయంలో అమ్మేవాడి పూచీని కూడా పెంచింది.

దీనికి చట్టం తోడైంది. 1898 తపాలా చట్టంలోని 6వ సెక్షన్ ప్రకారం, తాను స్పష్టంగా ఒప్పుకున్న సందర్భాల్లో తప్ప, తపాలాలో జరిగే నష్టానికి, ఆలస్యానికి, చెడిపోవడానికి ప్రభుత్వం బాధ్యత వహించదు. దాని స్థానంలో వచ్చిన 2023 చట్టం కూడా బాధ్యత నుంచి మినహాయింపును నిలిపి ఉంచింది. బీమా చేయిస్తే సరిపోతుంది కదా అన్న ప్రశ్న సహజం. సరుకు బీమాలో ప్యాకింగ్ చాలకపోవడం, వస్తువు సహజ స్వభావం వల్ల కలిగే నష్టం రెండూ సాధారణంగా మినహాయింపులే. జిగురు మెత్తబడి అతుకు ఊడితే అది వస్తువు స్వభావం. దెబ్బకు ఊడితే ప్యాకింగ్ లోపం. వాదించే తీరిక, భాష, కాగితాలు ఉన్న పెద్ద వ్యాపారి ఈ రెండిటి మధ్య నుంచి పరిహారం రాబట్టగలడేమో! ఇంట్లో కూర్చుని బొమ్మలు చెక్కే కుటుంబానికి అది అయ్యే పని కాదు.

5. గుడ్డ, గడ్డి, కాగితం

తపాలా పార్సిలుకు గుడ్డ కుట్టి, కుట్టుమీద లక్క ముద్రలు వేయడం మన దేశంలో చిరకాలం నడిచిన పద్ధతి. మధ్యవయసు దాటిన పాఠకులకు పోస్టాఫీసు బయట సూదీ దారంతో కూర్చున్న మనిషి గుర్తుండే ఉంటాడు. ఈ పద్ధతి దేనినుంచి రక్షణ అన్నది ఆలోచించాలి. కుట్టు విప్పితే తెలుస్తుంది, ముద్ర పగిలితే తెలుస్తుంది. అది దొంగతనానికి విరుగుడు. దెబ్బకు విరుగుడు కాదు. పైగా బిగించి కుట్టిన గుడ్డ పలచని అట్టపెట్టె మూలలను లోపలికి నొక్కుతుంది. మన తపాలా సంప్రదాయం పార్సిలును విలువైన వస్తువుగా చూసింది కాని సున్నితమైన వస్తువుగా చూడలేదనడానికి ఇంతకంటే నిదర్శనం అక్కరలేదు.

లోపలి సర్దుబాటుకు అందుబాటులో ఉన్నవి ఎండుగడ్డి, ఊక, పాత కాగితాలు. మామిడికి గడ్డి మంచిది. కాయ ఊపిరి పీల్చుకోవాలి, గడ్డి గాలి ఆడనిస్తుంది. బొమ్మకు అదే గడ్డి శత్రువు. గడ్డిలోని చెమ్మ జిగురుకు చేరుతుంది, పురుగు కొయ్యకు చేరుతుంది, గరుకు పోచ రంగు మీద గీతలు పెడుతుంది. ఒకే జిల్లాలో, ఒకే పొలం నుంచి వచ్చిన గడ్డి ఒక సరుకును కాపాడి మరొకదాన్ని పాడుచేస్తుంది. పాత వార్తాపత్రిక మెత్తన కల్పిస్తుంది కాని దాని సిరా తెల్లని, పసుపుపచ్చని భాగాలకు అంటుకుంటుంది. పెండ్లికూతురి బొమ్మ ముఖం మీద అచ్చక్షరాల మరక పడితే దాన్ని తుడవబోతే రంగే పోతుంది.

తర్వాత వచ్చిన థర్మోకోల్, బబుల్‌ర్యాప్ దెబ్బను బాగానే ఆపుతాయి. అయితే బబుల్‌ర్యాప్‌ను నేరుగా రంగు మీద చుడితే వేసవి ప్రయాణంలో బుడగల గుర్తులు రంగు మీద వలయాలుగా పడతాయి. అందుకే మ్యూజియంలలో రంగు వస్తువుకు మొదట ఆమ్లం లేని మెత్తని టిష్యూ కాగితం, దానిపైన మెత్త, ఆపైన పెట్టె, ఆ పెట్టె చుట్టూ మళ్లీ మెత్త, చివర బయటి పెట్టె అన్న క్రమం పాటిస్తారు. బొమ్మను ఎప్పుడూ మొండెం దగ్గర పట్టి నిలపాలి. చేతులకు, గొడుగుకు, తొండానికి ఏదీ తగలకుండా ఖాళీ వదలాలి. చాలామంది చేసే పని దీనికి పూర్తిగా విరుద్ధం. విరిగేది చేయి కదా అని చేయి చుట్టూనే దట్టంగా కాగితం కుక్కుతారు. పెట్టె కదిలినప్పుడు మొండెం ఒక వైపు జరుగుతుంది, కాగితంలో బిగిసిన చేయి జరగదు, అతుకు తెగుతుంది. తాడిచెట్టును పడుకోబెట్టి, మాను పొడవునా మెత్త పెట్టి, మట్టలను గాలిలో వదలాలి. అంబారీ విడిగా వస్తే విడిగానే చుట్టాలి. దశావతారాలకు పది గదుల అట్టపెట్టె కావాలి. సర్దిన పెట్టెను చెవి దగ్గర పెట్టి ఊపితే శబ్దం రాకూడదు.

ఇదంతా చేతి నైపుణ్యమే. చెక్కుడు ఎంత నేర్చుకోవాలో ఇదీ అంతే నేర్చుకోవాలి. ఏ అతుకు ఎంత పచ్చిగా ఉందో, ఏ రంగు ఎన్ని రోజుల కిందట వేసిందో తెలిసినది చేసిన ఇంటివారికే. కాబట్టి బొమ్మను సర్దడానికి అర్హులైన నిపుణులు ఎంపోరియం గిడ్డంగిలోని వారు కాదు, రంగు వేసిన చేతులవారు. స్వాతంత్ర్యానంతరం 1952లో ఏర్పడిన అఖిల భారత హస్తకళల మండలి కాలం నుంచి శిక్షణ కార్యక్రమాలు ప్రధానంగా రూపకల్పన, రంగులు, మార్కెటింగు చుట్టూ తిరిగాయి. సర్దుబాటును శిక్షణాంశంగా కాక గిడ్డంగి పనిగా చూడటం ఒక విధాన లోపమని ఈ వ్యాసకర్త అభిప్రాయం.

6. బరువు నుంచి ఘనపరిమాణానికి

తపాలా రుసుము తూకాన్ని బట్టి ఉన్నంత కాలం తెల్ల పొణికి కొయ్య బొమ్మలవారికి ఒక వరం. ఇత్తడి విగ్రహం, రాతి బొమ్మ పంపేవారితో పోలిస్తే వారి ఖర్చు స్వల్పం. గడ్డి, కాగితం కూడా తేలికే కనుక ఎంత మెత్త పెట్టినా రుసుము పెద్దగా పెరగదు.

కొరియర్, విమాన రవాణా సంస్థలు ఈ లెక్కను తిరగేశాయి. పెట్టె పొడవు, వెడల్పు, ఎత్తులను సెంటీమీటర్లలో గుణించి, సాధారణంగా 5000తో భాగిస్తే వచ్చేదాన్ని కిలోల్లో ‘ఘనపరిమాణపు బరువు’ అంటారు. అసలు తూకం, ఈ బరువు రెండిటిలో ఏది ఎక్కువైతే దానికి రుసుము. ఒక అంబారీ ఏనుగు 25 × 15 × 20 సెంటీమీటర్ల పెట్టెలో ఇరుకుగా పడుతుందనుకుందాం. దాని ఘనపరిమాణం 7,500, లెక్క బరువు 1.5 కిలోలు. క్షేమం కోసం అన్ని వైపులా 5 సెంటీమీటర్ల మెత్త పెడితే పెట్టె 35 × 25 × 30 అవుతుంది. ఘనపరిమాణం 26,250, లెక్క బరువు 5.25 కిలోలు. తూకంలో పెరిగినది కొన్ని వందల గ్రాములే. రుసుముకు ఆధారమైన బరువు పెరిగినది మూడున్నర రెట్లు. బొమ్మను కాపాడే ఖాళీ జాగాకే ఇప్పుడు ధర. మెత్త తగ్గిస్తే బొమ్మ పోతుంది, పెంచితే లాభం పోతుంది.

రుసుము నియమం వస్తువు రూపాన్నే మార్చడం కొత్త కాదు. జర్మనీలోని ఎర్ట్స్‌గెబిర్గె కొండసీమలో కొయ్యబొమ్మలకు పేరుపడిన సైఫెన్ గ్రామం ఉంది. 20వ శతాబ్ది తొలినాళ్లలో ఎగుమతి సుంకాలు బరువును బట్టి పడటంతో అక్కడివారు అగ్గిపెట్టెలో ఇమిడే సూక్ష్మ బొమ్మల సెట్లు చేశారు. న్యూరెంబర్గు తగరపు సైనికుల బొమ్మలు పలచని చెక్కతో చేసిన కోలపెట్టెల్లో అమ్ముడయ్యాయి. ఈ రెండు చోట్లా పెట్టె సరుకులో భాగం. దాని కూలి బొమ్మ ధరలో కలిసి ఉంటుంది. మన దగ్గర సుంకమో రుసుమో మారినప్పుడు బొమ్మ చిన్నదవుతోంది కాని, పెట్టె ఇంకా సరుకులో భాగం కాలేదు. తాళపుచెవుల గొలుసుకు తగిలించే కొండపల్లి బొమ్మ నేటి అంగళ్లలో కనిపించడాన్ని అభిరుచి మార్పుగా మాత్రమే చదివేవారు ఈ రుసుముల పట్టికను కూడా పక్కన పెట్టుకుని చదవాలి.

7. సముద్రాల అవతలి కొలువు

కోస్తా తెలుగు ఇళ్లలో బొమ్మల కొలువు ప్రధానంగా సంక్రాంతి వేడుక. రాయలసీమలో, తమిళనాడు తెలుగువారిలో దసరా నవరాత్రుల వేడుక. అమెరికాలో స్థిరపడిన తెలుగు కుటుంబాల్లో రెండు ఆచారాలూ కొనసాగుతున్నాయి. కొలువుకు ఏటా ఒక కొత్త బొమ్మ చేర్చే అలవాటు వల్ల దూరదేశపు గిరాకీ పండుగ తేదీకి కట్టుబడి ఉంటుంది. పండుగ దాటాక చేరిన బొమ్మకు ఆ ఏడు కొలువులో చోటుండదు. గిరాకీ ఒకేసారి రావడంతో రంగు పూర్తిగా గట్టిపడకముందే సర్దవలసి వస్తుంది.

విదేశీ పార్సిళ్లలో కొయ్యపెట్టె వాడితే మరో నియమం ఎదురవుతుంది. 2002లో వచ్చిన ఐ.ఎస్.పి.ఎం. 15 ప్రమాణం ప్రకారం పచ్చికొయ్య పెట్టెలను పురుగు నివారణకు వేడిచేసో, పొగ పెట్టో ముద్ర వేయాలి. 6 మిల్లీమీటర్లు, అంతకు తక్కువ మందమున్న చెక్కకు మినహాయింపు ఉంది. అట్టపెట్టెకు ఈ చిక్కు లేదు. చిన్న తయారీదారులు అట్టనే నమ్ముకోవడానికి ఇదీ ఒక కారణం. భారత తపాలాశాఖ 2022 నుంచి డాక్‌ఘర్ నిర్యాత్ కేంద్రాల పేరుతో చిన్న ఎగుమతిదారులకు పోస్టాఫీసులోనే కస్టమ్స్ కాగితాల సదుపాయం కల్పించడం ఈ వరుసలో మేలైన చర్య. మధ్యవర్తి లేకుండా చేసిన ఇంటి నుంచే పార్సిలు పంపే దారి దాంతో ఏర్పడింది.

800 డాలర్ల లోపు పార్సిళ్లకు ఉన్న సుంకం మినహాయింపును అమెరికా 2025 ఆగస్టు 29 నుంచి తొలగించింది. అంతకు నాలుగు రోజుల ముందే, 25 నుంచి, భారత తపాలాశాఖ ఆ దేశానికి సరుకుల బుకింగును నిలిపివేసింది. తొలుత ఉత్తరాలకు, 100 డాలర్ల లోపు కానుకలకు ఉన్న సడలింపు కూడా కొద్దిరోజుల్లోనే పోయింది. విజయదశమి ఆ ఏడు అక్టోబరు 2న వచ్చింది. సేవలు తిరిగి మొదలైనది అక్టోబరు 15న. ఆ యాభై రోజుల్లో ప్రైవేటు కొరియర్ దారి తెరిచే ఉంది. అక్కడ రుసుము లెక్క పైన చూపిన ఘనపరిమాణపు లెక్కే. సంక్రాంతికి కొలువు పెట్టే ఇళ్లకు పంపవలసిన బొమ్మలకు ఇంకా మూడు నెలల గడువు మిగిలింది. దసరా కొలువు వారికి పంపవలసినవి కొండపల్లిలోనే ఉండిపోయాయి, లేదా మూడున్నర రెట్ల లెక్క బరువు మీద విమానం ఎక్కాయి.